"మా పరిధిలో లేదు": కేబుల్ రుసుము, పంచాయతీ, ఆడవాళ్ళు

(నెల్లూరు తీరప్రాంత మహిళా కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సులో నన్ను 'స్థానిక పాలన - మహిళల హక్కులు' అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఈ అంశం తీసుకున్నవాళ్ళు సాధారణంగా తాగునీరు, రేషను, పింఛను, ఇళ్ళ పట్టాల గురించి చెబుతారు. నేను ఈ రోజు కేబుల్ టీవీ బిల్లు గురించి మాట్లాడదామనుకుంటున్నాను. నిన్న రాత్రి ఈ మాట చెబితే ఇక్కడున్న ఒక మిత్రురాలు నవ్వింది. "ఇన్ని సమస్యలుండగా సీరియళ్ళ గురించా?" అంది. ఆ నవ్వు దగ్గరే మొదలుపెడతాను. ఎందుకంటే ఇదే ఫిర్యాదు పట్టుకుని ఆఫీసులకు వెళ్ళిన ఆడవాళ్ళకు మొదట ఎదురయ్యేదీ ఆ నవ్వే.

కొంతకాలం క్రితం ఈ తీరంలోనే ఒక పాలెంలో ఆడవాళ్ళతో కూర్చున్నాను. వేసవి. వేట నిషేధం రోజులు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులపాటు మర పడవలు, మోటారు పడవలు సముద్రం మీదికి పోకూడదు. పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి. నేను వలల గురించి, అప్పుల గురించి అడుగుతున్నాను. మాటల మధ్యలో ఒకామె కేబుల్ బిల్లు సంగతి ఎత్తింది. "ఏట లేదని వాడికి తెల్దా మేడం? తెలుసు. అయినా నెల కాంగానే గడప ముందర నిలబడతాడు. మా ఆయన్ని అడగడు, నన్నే అడగతాడు. ఎండుచేపలు అమ్మిన డబ్బులు కొంగున ఉంటాయని వాడికి తెలుసు." పక్కనున్నావిడ అందుకుంది. తమ వీధిలో మూడిళ్ళలో మూడు రకాల ధర ఉందనీ, ఎందుకని అడిగితే "పైనుంచి పెంచినారు" అంటారనీ, రసీదు మాత్రం ఎవరికీ ఇవ్వలేదనీ చెప్పింది. "గాలివానకి వైరు తెగి వారం రోజులు బొమ్మ రాకపోయినా, నెల డబ్బులు మాత్రం నెల డబ్బులే" అని ఇంకొకరు అన్నారు.

ఈ మూడు మాటల్లో మనకు కావలసినదంతా ఉంది. డబ్బు వసూలు చేసేది ఆడవాళ్ళ దగ్గర. కనెక్షను మాత్రం చాలా ఇళ్ళల్లో మగవాడి పేరు మీద. ధర ఎవరు నిర్ణయించారో తెలియదు. ఎవరిని అడగాలో అంతకంటే తెలియదు.

వాళ్ళు అడగకుండా ఊరుకోలేదు. పంచాయతీ ఆఫీసుకు వెళ్ళారు. "కేబులు మా పరిధిలో లేదమ్మా" అన్నారు. మండల ఆఫీసులోనూ అదే జవాబు. చివరికి సోమవారం చూసుకుని కలెక్టరేటులో అర్జీ ఇచ్చారు. సోమవారం అర్జీల పద్ధతికి పేర్లు చాలాసార్లు మారాయి. ప్రజావాణి అన్నారు, మీకోసం అన్నారు, 2019లో స్పందన అన్నారు, 2024 తరవాత ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నారు. పేరు మారినా అర్జీ నడిచే దారి మారలేదు. పైనుంచి కిందికి వస్తుంది. ఏ మండలం నుంచి వచ్చిందో ఆ మండలానికే 'తగు చర్య నిమిత్తం' తిరిగి వస్తుంది. తగు చర్య తీసుకునే అధికారం అక్కడ లేదని మొదటి రోజే చెప్పారు కదా. కాబట్టి కాగితం మీద ఆ అర్జీ పరిష్కారమైపోతుంది.

ఇప్పుడు ఆ జవాబును కాస్త పరిశీలిద్దాం. "మా పరిధిలో లేదు" అనేది అబద్ధమా? కాదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ప్రసారాలు కేంద్ర జాబితాకు చెందినవి. 73వ సవరణ పంచాయతీలకు ఇవ్వదగినవిగా చెప్పిన 29 అంశాల్లో కేబుల్ లేదు. 1995లో వచ్చిన కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం ప్రకారం మన ఊరి కేబుల్ ఆపరేటరు 2025 జనవరి దాకా నమోదు చేసుకోవలసి వచ్చింది తపాలా శాఖ ప్రధాన కార్యాలయంలో. ఆ చట్టం కింద అధికారిగా వ్యవహరించేది జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు. ఆ అధికారం కూడా ప్రధానంగా నమోదు లేని కేబులు మీదా, చూపించకూడని కార్యక్రమాల మీదా. ధరల సంగతి 2004 జనవరిలో కేంద్ర స్థాయి నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ చేతికి వెళ్ళింది. ఆ ట్రాయ్ ఢిల్లీలో ఉంటుంది. ధరల పద్ధతిని నిర్ణయిస్తుంది. ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించి తీర్పు చెప్పే అధికారం దాని చట్టంలో లేదు.

అంటే పంచాయతీ మా పరిధి కాదంటుంది, కలెక్టరేటు మండలానికి పంపుతుంది, ట్రాయ్ ఆపరేటరునే అడగమంటుంది. ఆపరేటరు పైవాళ్ళు పెంచారంటాడు. ఈ చక్రంలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అందరూ నిజమే చెబుతూ ఉండగా ఒక మనిషి ఫిర్యాదు ఎక్కడా వినబడకుండా పోతుంది. రాజ్యం పేదవాళ్ళతో, ముఖ్యంగా పేద స్త్రీలతో, వ్యవహరించే తీరుల్లో ఇదొకటి. కాదనదు, తిట్టదు. పరిధి చూపించి పంపేస్తుంది.

కానీ ఆ జవాబులో పూర్తి నిజం కూడా లేదు. అది తరవాత చెబుతాను. ముందు ఈ తీగ మన ఇంట్లోకి ఎట్లా వచ్చిందో గుర్తు చేసుకుందాం.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా మన దేశంలో ఒక ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ళ ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజన్ ప్రసారాలు అందించారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. టీవీ ఎవరింట్లోనూ లేదు. ఊరుమ్మడి స్థలంలో పెట్టారు. వ్యవసాయం, ఆరోగ్యం, చదువు చెప్పడానికి అన్నారు. ఉమ్మడి స్థలంలో కూడా కులం ఉంది, ఆడవాళ్ళు వెనక వరసలోనే నిలబడ్డారు, నిజమే. అయినా టీవీని ఒక ప్రజా వనరుగా ఊహించిన కాలం ఒకటి ఉందని మనం మరచిపోకూడదు. తొంభైలలో ప్రైవేటు ఛానళ్ళు, వాటితోపాటు కేబుల్ తీగ వచ్చాయి. వనరు సరుకైంది. చూసేవాళ్ళం వినియోగదారులమయ్యాం. మన తీరానికి ఇందులో ఒక వింత ఉంది. మన ఉపగ్రహాలు ఆకాశంలోకి ఎగిరేది శ్రీహరికోట నుంచి. 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళేదాకా ఆ దీవి నెల్లూరు జిల్లాలోదే. రాకెట్టు లేచినప్పుడల్లా ఈ పక్క పాలేల వాళ్ళు తలెత్తి చూస్తారు. ఆ రాకెట్టు ధర గానీ, తమ ఇంట్లో బొమ్మ ధర గానీ వాళ్ళను అడిగి పెట్టరు.

ధర కథ కూడా క్లుప్తంగా చెబుతాను. 2004 అక్టోబరులో ట్రాయ్ కేబుల్ ధరలను 2003 డిసెంబరు 26 నాటి స్థాయి దగ్గర ఆపమంది. ఆ తరవాత డిజిటల్ పెట్టెలు వచ్చాయి. పల్లెల వంతు వచ్చేసరికి 2017 మార్చి అయింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి కొత్త పద్ధతి. 100 ఛానళ్ళకు నెలకు 130 రూపాయలకు మించి తీసుకోకూడదు, దానిమీద 18 శాతం పన్ను, మొత్తం 153 రూపాయల 40 పైసలు. డబ్బు కట్టి చూసే ఛానళ్ళకు వేరే లెక్క. మీకు కావలసిన ఛానలు మీరే ఎంచుకోండి, దానికే కట్టండి అన్నారు. ఎంపిక అనే మాట వినడానికి బాగుంటుంది. కానీ ఆ ఎంపిక చేసుకోవాలంటే చదువు కావాలి, జాబితా చేతికి అందాలి, కూడికలు వేసుకోవాలి, కాదని చెప్పగల ధైర్యం కావాలి. పాలేల్లో జరిగిందేమిటి? ఆపరేటరు తానే ఒక ప్యాకేజీ కట్టి అందరికీ అదే ఇచ్చాడు. 2020లో అదే 130 రూపాయలకు 200 ఛానళ్ళు ఇవ్వమన్నారు. 2024 జూలైలో ఈ గరిష్ఠ పరిమితినే తీసేశారు. పోటీ ఉంది కాబట్టి మార్కెటు చూసుకుంటుందన్నారు. ఒకే తీగ ఉన్న ఊళ్ళో పోటీ ఎవరితో?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన ఊరి ఆపరేటరును విలనుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. చాలా చోట్ల అతనూ చిన్నవాడే. పైన పెద్ద పంపిణీ సంస్థలు, వాటిపైన ఛానళ్ళ సంస్థలు ఉన్నాయి. అతనికీ కింద మాత్రమే దొరుకుతుంది. అయితే అతని కష్టానికి ఆఖరి పూచీ చేపల గంప మోసే ఆడమనిషి ఎందుకు కావాలి?

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసిన సంగతి చెబుతాను. కేబుల్ విషయంలో రాజ్యం స్త్రీలను అసలే పిలవలేదా అంటే, పిలిచింది. 2008లో కేంద్ర సమాచార ప్రసార శాఖ ప్రతి జిల్లాలో కేబుల్ పర్యవేక్షణ కమిటీ వేయమని చెప్పింది. జిల్లా మేజిస్ట్రేటు అధ్యక్షులు. పోలీసు సూపరింటెండెంటు, పౌర సంబంధాల అధికారి ఉంటారు. జిల్లాలోని ఒక మహిళా కళాశాల ప్రిన్సిపాలు ఉండాలి. స్త్రీల సంక్షేమం కోసం పనిచేసే సంస్థ నుంచి ఒకరు, పిల్లల సంక్షేమ సంస్థ నుంచి ఒకరు ఉండాలి. చూడండి, మనకు కుర్చీ ఉంది. ఆ కుర్చీలో కూర్చుని మనం చెప్పవలసిందేమిటి? ఏ కార్యక్రమం అశ్లీలంగా ఉంది, ఏది ఉద్రిక్తతలు రెచ్చగొట్టేలా ఉంది, ఆపరేటరు దూరదర్శన్ ఛానళ్ళు చూపిస్తున్నాడా లేదా. ధర గురించి ఆ కమిటీకి పని లేదు.

దీని అర్థమేమిటి? రాజ్యం దృష్టిలో స్త్రీ అంటే నీతిని కాపాడే మనిషి. ఆమె కళ్ళకు ఏది మంచిది, ఏది చెడు అన్నదే ప్రశ్న. ఆమె చేతిలో డబ్బు ఉంటుందనీ, ఆ డబ్బు ఎట్లా పోతోందో ఆమె లెక్క అడుగుతుందనీ ఆ ఊహలో లేదు. మనం కూడా ఇందులో కొంత చిక్కుకున్నాం. మహిళా సంఘాలుగా అశ్లీలత మీద, సీరియళ్ళలో స్త్రీని చూపించే తీరు మీద చాలా రాశాం, ధర్నాలు చేశాం. అవి అవసరమే. కానీ ఆ టీవీకి డబ్బు కట్టేది ఎవరన్నది మనమూ పెద్దగా అడగలేదు. నా మిత్రురాలి నవ్వులో ఉన్నది అదే. నేను కూడా ఆ పాలెంలో ఆ మాటను మొదట నోటు పుస్తకంలో రాసుకోలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో గుర్తొచ్చి రాసుకున్నాను.

ఈ జిల్లాలో నిలబడి ధర గురించి, ఇంటి ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు సారా ఉద్యమాన్ని తలచుకోకుండా ఉండలేం. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన మాటలు దూబగుంట నుంచి జిల్లా అంతా పాకాయి. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగకుండా ఆడవాళ్ళు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. సారాను, కేబులును ఒక గాటన కట్టడం లేదు. ఒకటి ప్రాణాలు తీసింది, రెండవది పగలంతా పనిచేసిన మనిషికి సాయంత్రం కాస్త ఊరట ఇస్తుంది. ఆ ఊరటను తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు. నేను గుర్తుచేస్తున్నది ఒకే విషయం. అప్పుడు కూడా ముందు "అది ఎక్సైజు వాళ్ళ సంగతి, మీ సంగతి కాదు" అనే అన్నారు. ఇంటి ఖర్చు రాజకీయ విషయమని ఆడవాళ్ళు నిరూపించారు. సారా మీద రాజ్యానికి ఆదాయం ఉందని వాళ్ళు కనిపెట్టి, ఆ వేలంపాట దగ్గరికే వెళ్ళారు. పరిధి ఎవరిదో వెతుక్కుని అక్కడికి వెళ్ళడమే ఆ ఉద్యమం నేర్పిన పాఠం.

తీరప్రాంతంలో పరిధి సంగతి ఇంకొంచెం చిక్కు. ఇక్కడ పంచాయతీ ఒకటి కాదు, రెండు. ఒకటి చట్టం పెట్టిన గ్రామ పంచాయతీ. 2011 సవరణతో అందులో సగం స్థానాలు స్త్రీలవి. రెండవది కులపెద్దల పంచాయతీ. వేటకు ఎప్పుడు పోవాలి, ఎవరు ఎక్కడ వల వేయాలి అన్నవి అక్కడ తేలతాయి. వాళ్ళు దురాయి వేస్తే ఊరు దాటదు. ఆ పెద్దల్లో ఆడవాళ్ళు లేరు. ఓటుతో వచ్చిన కుర్చీలో కూర్చున్న స్త్రీకి అధికారం తక్కువ, అధికారం ఉన్నచోట స్త్రీకి కుర్చీ లేదు. వేట నిషేధ భృతి సంగతి చూడండి. 2019లో 10,000 రూపాయలు చేశారు, 2025లో 20,000 ఇచ్చారు. మంచిదే. అది పడవ మీద వేటకు పోయేవాళ్ళ పేరున వస్తుంది. చేపలు అమ్మే ఆడమనిషికీ ఆ 61 రోజులు బేరం లేదు. ఆమె పేరున మాత్రం కేబుల్ బాకీ ఉంటుంది.

ప్రభుత్వాలు ఈ ఫిర్యాదును అసలు వినలేదని అనలేం. పక్కనే తమిళనాడులో 2007లో ప్రభుత్వ కేబుల్ సంస్థ పెట్టారు. 2011 సెప్టెంబరు నుంచి నెలకు 70 రూపాయలకే కనెక్షను ఇచ్చారు. మన రాష్ట్రంలో 2015లో ఫైబర్‌నెట్ సంస్థ వచ్చింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి ప్రారంభించారు. 149 రూపాయలకు టీవీ, ఇంటర్‌నెట్, ఫోను మూడూ కలిపి ఇస్తామన్నారు. ఇవి చిన్న విషయాలు కావు. ధర ప్రజల విషయమేనని ప్రభుత్వాలే ఒప్పుకున్నాయి. కానీ రెండుచోట్లా రాజ్యం తానే ఒక అమ్మకందారు అయింది. ఫిర్యాదు వినే చోటు ఊళ్ళో ఏర్పాటు చేయలేదు. ఫైబర్‌నెట్ కూడా ఇంటిదాకా వచ్చింది చాలావరకు పాత కేబుల్ ఆపరేటర్ల చేతుల మీదుగానే. గడప ముందు నిలబడేవాడు అతనే అయితే, వెనక తీగ ఎవరిదైనా ఆమెకు పెద్ద తేడా ఏముంది?

ఇక చేయవలసిన పనికి వద్దాం. "మా పరిధిలో లేదు" అనే జవాబులో పూర్తి నిజం లేదని ఇందాక అన్నాను. కేబుల్ చట్టానికి 2011లో జరిగిన సవరణ ప్రకారం ఆపరేటరు ప్రభుత్వ స్థలంలో తీగలు లాగాలన్నా, స్తంభాలు పాతాలన్నా ఆ స్థలం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్ళ అనుమతి కావాలి. స్థానిక సంస్థలు కూడా అందులోకి వస్తాయి. ఇక 2016 రాజ్యాంగ సవరణతో జీఎస్టీ వచ్చాక వినోదం మీద పన్ను వేసే అధికారం రాష్ట్రానికి పోయి, పంచాయతీలకు, మునిసిపాలిటీలకు మాత్రమే మిగిలింది. అంటే తీగ వేసుకోనివ్వడానికీ, పన్ను వసూలు చేసుకోవడానికీ పరిధి ఉంది. మనిషి బాధ వినడానికే లేదు. ధర నిర్ణయించమని మనం పంచాయతీని అడగడం లేదు. ఆపరేటరును పిలిచి మాట్లాడించమనీ, ప్యాకేజీల ధరలు పంచాయతీ గోడ మీద రాయించమనీ, గ్రామసభలో తీర్మానం చేసి పైకి పంపమనీ అడుగుతున్నాం. దీనికి ఏ చట్టమూ అడ్డు రాదు.

రెండవది, వ్యక్తిగా మనకున్న హక్కులు. ట్రాయ్ 2017లో సేవా నాణ్యత నిబంధనలు చేసింది. కొంతకాలం కనెక్షను వద్దనుకుంటే ముందుగా చెప్పి తాత్కాలికంగా నిలిపివేయించుకోవచ్చు. ఆ రోజులకు నెలవారీ రుసుము కట్టనక్కర్లేదు. మళ్ళీ తెరిపించుకోవడానికి మాత్రం కొంత రుసుము ఉంటుంది. 61 రోజుల వేట నిషేధానికి ఇంతకంటే సరిపోయే నిబంధన ఏముంది? ఆ పాలెంలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. 72 గంటలకు మించి ప్రసారం ఆగిపోతే ఆ మేరకు డబ్బు తగ్గించాలన్న నిబంధన కూడా ఉంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినట్టు గాలివాన వచ్చినప్పుడు ఇది పనికొస్తుంది. నిజానికి తీరంలో తుపాను రోజుల్లో టీవీ వినోదం మాత్రమే కాదు, హెచ్చరిక కూడా. తీగ తెగిన ఇల్లు ఆ హెచ్చరికకు కూడా దూరమవుతుంది.

మూడవది, పేరు. కనెక్షను భర్త పేరున ఉంది కాబట్టి నీకు అడిగే హక్కు లేదని ఎవరన్నా అంటే నమ్మవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు కట్టినవాళ్ళే కాక, వాళ్ళ సమ్మతితో ఆ సేవను వాడుకునేవాళ్ళు కూడా వినియోగదారులే. జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు ఆమె స్వయంగా ఇవ్వవచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. కానీ అక్కడ రసీదు అడుగుతారు. అందుకని అన్నిటికంటే ముందు పని రసీదు. ఒక్క ఇల్లాలు అడిగితే వెటకారం చేస్తారు. సంఘంలో ఇరవైమంది ఒకే నెలలో రసీదు లేకుండా డబ్బు ఇవ్వమంటే ఏమవుతుందో చూద్దాం.

నాలుగవది మన సంస్థల పని. 2008 నాటి కమిటీ మన జిల్లాలో ఉందా? ఉంటే ఎప్పుడు కూర్చుంది? స్త్రీల సంస్థల తరఫున అందులో ఎవరున్నారు? సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. ఆ కుర్చీలో మనవాళ్ళు ఉంటే అశ్లీలత గురించి చెప్పిన తరవాత, అధ్యక్షులవారి అనుమతితో, ధరల కాగితం కూడా బల్ల మీద పెట్టాలి. పరిధిలో లేదంటారు. ఆ మాటను మినిట్స్‌లో రాయించండి.

ఇప్పుడు టీవీ కంటే ఫోనే ఎక్కువ చూస్తున్నారు కదా అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజమే. పిల్లలు ఫోన్లకు మారారు. కానీ ఫోను రీచార్జి ధర పెరిగినప్పుడు కూడా ఇదే తంతు. అక్కడ గడప ముందు నిలబడే మనిషి కూడా ఉండడు, అడగడానికి. కాబట్టి కేబుల్ దగ్గర ఈ ప్రశ్న అడగడం నేర్చుకుంటే రేపు మిగతా వాటికి పనికొస్తుంది.

ఆ పాలెంలో చివరికి ఒకామె నన్ను అడిగింది. "సరే మేడం, పంచాయతీ కాదు, మండలం కాదు, కలెక్టరు కాదు. మరి ఇది ఎవురి పరిధి?" ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. చట్టాలు చదివాక ఇప్పుడు కొంత ఉంది. కొంత ఢిల్లీ పరిధి, కొంత జిల్లా పరిధి, కొంత పంచాయతీ పరిధి. డబ్బు కట్టేది మాత్రం పూర్తిగా ఆమె. వచ్చే వేట నిషేధానికి ముందు, ఏప్రిల్ మొదటి వారంలోనే, తాత్కాలిక నిలుపుదల కోరుతూ కాగితాలు రాయించి ఇప్పించే పని మీలో ఎన్ని సంఘాలు తీసుకుంటాయో మధ్యాహ్నం చర్చలో చెప్పండి. నమూనా కాగితం నేను తెలుగులో రాసి తెచ్చాను.